బడ్జెట్‌లో ఉంది... ఖాతాలో పడలేదు!

ఆరోగ్యశ్రీ మీకూ తెలిసిందే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. మరి 2025లో ఆసుపత్రులు ‘సేవలు బంద్’ అని ఎందుకన్నాయి?

2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఏపీలో నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆ సెప్టెంబరులోనే కరీంనగర్‌లో ఉండే మా మేనమామకి స్టెంటు వేయాలన్నారు. కౌంటర్‌లో అడిగితే, “డబ్బులు కట్టండి, లేదంటే ఆగండి” అన్నారు. గుండె ఆగమంటే ఆగుతుందా? అత్తయ్య గాజులు తాకట్టు పెట్టాం.

అసలు సంగతేంటంటే, కేటాయింపు వేరు, విడుదల వేరు. ఆసుపత్రి ముందు అనుమతి తీసుకుని, చికిత్స చేసి, క్లెయిమ్ పెడుతుంది. బిల్లు పాసైనా ఆర్థిక శాఖ నిధులు వదిలితేనే డబ్బు ఖాతాలో పడేది. ఖజానాలో డబ్బు తక్కువైతే జీతాలు, పెన్షన్లు, అప్పుల వడ్డీలు ముందు. ఆసుపత్రి బిల్లేమో ‘వచ్చే నెల చూద్దాం’. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఎలాగో నెట్టుకొస్తుంది. జిల్లాలో చిన్న నర్సింగ్‌హోమ్ మాత్రం అప్పు తెచ్చి మందులు కొనాలి. చివరికి ఆ భారం పడేది పేషెంటు మీదే.

పరిమితి పెంచితే పేపర్లో ఫొటో వస్తుంది. బకాయి తీరిస్తే రాదు. అందుకే ఈసారి బడ్జెట్ రాగానే ‘ఎంత ఇచ్చారు’ దగ్గర ఆగకండి. అదే పుస్తకంలో రెండేళ్ల కిందటి అసలు ఖర్చు కూడా ఉంటుంది. ఫోన్లోనే తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే మీ ఎమ్మెల్యేని అడగండి.