పసిబిడ్డల తుంటికీలు జారుట

కథలాపూరు ప్రాంతమున బీడీలు చుట్టు తల్లి పనినుండి లేచి బిడ్డను చంక కెక్కించుకొనుట మనము నిత్యము చూచుచున్నదే. బిడ్డ కాళ్లు ఆమె నడుమునకు ఇరుప్రక్కల విడివడియుండును. తుంటికీలునకు ఇంతకంటె మేలైన ఆసనము అరుదు. కాళ్లు చాచి బిగియగట్టు దేశములలో తుంటి జారుట హెచ్చనియు, చంక నెత్తుకొను దేశములలో తక్కువయనియు వైద్యులు గుర్తించిరి.

తొడయెముక శిరస్సు బంతివంటిది. కటియెముకలోని గిన్నెలో అది ఇమిడియుండవలెను. గిన్నెకు లోతు చాలనిచో బంతి ప్రక్కకు జరిగి పైకి పోవును. ఆడుబిడ్డలయందును, తొలిచూలువారియందును, ఎదురుకాళ్లతో పుట్టినవారియందును ఇది అధికము.

చిక్కేమనగా, నొప్పి యుండదు, బిడ్డ ఏడువదు. గుడ్డ మార్చునపుడు ఒక తొడ సరిగా విచ్చుకొనకుండుటయు, ఒక కాలు కురుచగా తోచుటయు ఎవరు గమనింతురు? నడక వచ్చినపిమ్మట కుంటు బయటపడును. అదియే కుదురుకొనునని పెద్దలందురు. ఆ మాటతో ఒక యేడు గడచును. ఆ యేడే చికిత్సను మార్చివైచును.

ఆరు మాసములలోపు చెక్ దేశపు వైద్యుడు ఆర్నల్డ్ పావ్లిక్ కల్పించిన పట్టీలతో పలువురికి కీలు కుదురును. అటుపై సుమారు ఏడాదిన్నరవరకు మత్తిచ్చి, కోయకయే బంతిని గిన్నెలో కూర్చి పిండికట్టు వేయుదురు. వియన్నా వైద్యుడు అడాల్ఫ్ లోరెంజ్ 1902లో అమెరికాకేగి ఒక ధనికుని కుమార్తెకు ఇట్లే కోతలేని చికిత్స చేసెను.

ఆ వయస్సు దాటినచో శస్త్రచికిత్సయే తరచుగా శరణ్యము. కీలుతిత్తిని తెరచి, గిన్నెలో పెరిగిన కొవ్వును, అడ్డుపడు కట్టును తొలగించి, బంతిని స్వస్థానమున నుంచి తిత్తిని బిగించి కుట్టుదురు. గిన్నె మిక్కిలి చదునైనచో, టొరంటో వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1957లో ఆరంభించిన విధమున కటియెముకను కోసి, గిన్నె బంతిపై కప్పుగా వచ్చునట్లు త్రిప్పి, ఆ సందున ఎముకముక్క నిరికించి కడ్డీలతో నిలుపుదురు. రెండుమూడేండ్లు దాటినవారికి తొడయెముకను కొంత కురుచ చేయుటయు కలదు. వినుటకు వింతయే! కాని కుదించుకొనిన కండరములను లాగి బంతిని బలిమిని దింపినచో, ఒత్తిడిచే దానికి రక్తము అందక అది శుష్కించును.

పిమ్మట నడుమునుండి కాళ్లవరకు పిండికట్టు. ఆరునుండి పండ్రెండు వారములు. బిడ్డ చంకకును రాదు, ఉయ్యాలలోను పట్టదు. కట్టు తడియకుండ మలమూత్రములు శుభ్రపరచుట తల్లికి శస్త్రచికిత్సకంటె కష్టమనిపించును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు పట్టికలో ఈ లోపమును చేర్చిరి. అంగన్‌వాడీకి ఏటా రెండుమారులు రావలసిన వైద్యబృందమునకు తొడలు విచ్చి చూడుమని తల్లి అడుగవచ్చును. నాలుగైదు మాసములలోపు బిడ్డకు అల్ట్రాసౌండు, ఆపై ఎక్సురే తీయింతురు. శస్త్రచికిత్స జరిగిన బిడ్డ పరుగులెత్తుచున్నను, ఎముకల పెరుగుదల ముగియువరకు అప్పుడప్పుడు ఎక్సురే తీయించుచునే యుండవలెను.