సైరంధ్రికి ఒక్కపూట ప్రయాణం

నేషనల్ పార్క్ అంటే హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మాలాంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది కేబీఆర్ పార్కు. పొద్దున్నే బూట్లేసుకుని ఓ రౌండ్ కొట్టి, బయటికొచ్చి టీ తాగి ఆఫీసుకి పోయే చోటు. కేరళలోని సైలెంట్ వ్యాలీ కూడా నేషనల్ పార్కే. కానీ అక్కడికి మీ కారులో మీరు వెళ్ళలేరు. రాత్రి అక్కడే ఉండిపోతామంటే కుదరదు. ఇష్టమొచ్చిన దారిలో నడుస్తామన్నా ఒప్పుకోరు. ఫారెస్టు డిపార్టుమెంటు వాళ్ళ అనుమతితో, వాళ్ళు చెప్పిన జీపులో, గైడుతో కలిసి వెళ్ళి రావాలి. మొత్తం నాలుగైదు గంటలు. అంటే మామూలు ప్రయాణికుడికి దక్కేది ఒక్కపూట అడవి. ఆ ఒక్కపూట కోసం అంతదూరం ఎందుకంటారా?

మన నల్లమల గానీ శేషాచలం గానీ ఎండాకాలంలో ఆకులు రాల్చే అడవులు. ఏప్రిల్‌లో వెళితే మోడులే కనిపిస్తాయి. సైలెంట్ వ్యాలీ స్కూలు పుస్తకాల్లో చదువుకున్న సతత హరితారణ్యం, అసలుసిసలు రెయిన్‌ఫారెస్టు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడ మూడు వేలకి అటూ ఇటూగా, కొన్నిచోట్ల అంతకంటే బాగా ఎక్కువే కురుస్తుంది. చెట్ల మీద నాచు, నాచు మీద ఫెర్న్ మొక్కలు, వాటి పక్కనే ఆర్కిడ్లు. మట్టి కనిపించని చోట కూడా ఏదో ఒకటి మొలిచే ఉంటుంది.

ఇంకో సంగతి. లోపల జీపు ఆగే చోటు పేరు సైరంధ్రి. అక్కడ పారే నది కుంతిపుళ. పాండవులు ఈ అడవుల్లో తిరిగారని స్థానికంగా చెప్పుకుంటారు. విరాటరాజు కొలువులో ద్రౌపది పెట్టుకున్న మారుపేరు సైరంధ్రి అని తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మనది. ఆ విరాటపర్వం పేరే పెట్టుకున్న అడవిలో వాన ఎప్పుడు ఆగుతుందా అని చూడాల్సి రావడం కాస్త తమాషాగానే ఉంటుంది.

ఎప్పుడు, ఎలా?

డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచి సమయం. జూన్ నుంచి వానాకాలం. అడవి అందం అప్పుడే అని చెప్పేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు గానీ అప్పుడు జలగలుంటాయి. మన చెరువుల్లో ఉండే జలగల్లా కాదు, ఇవి నేలమీదే ఉంటాయి. తడి ఆకుల మీద నిలబడి మీ కాలి అలికిడి కోసం చూస్తుంటాయి. కుట్టినప్పుడు తెలియదు, సాక్సు ఎర్రబడ్డాక తెలుస్తుంది. వాటి లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంటుంది కాబట్టి జలగ ఊడిపోయాక కూడా కాసేపు రక్తం కారుతుంది. భయపడాల్సింది ఏమీ లేదు, శుభ్రంగా కడుక్కుంటే చాలు. మోకాళ్ళ దాకా వచ్చే లీచ్ సాక్సులు దొరుకుతాయి. ఓ ఉప్పు పొట్లం జేబులో వేసుకోండి. మండు వేసవిలో అగ్నిప్రమాదాల భయంతో అడవులు మూసే రోజులూ ఉంటాయి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ప్లాన్ వేస్తే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

హైదరాబాద్ వైపు నుంచైతే శబరి ఎక్స్‌ప్రెస్ పాలక్కాడ్ మీదుగానే వెళుతుంది. విశాఖ, విజయవాడ వాళ్ళకి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఉంది. విమానమైతే కోయంబత్తూరు. పాలక్కాడ్ నుంచి మన్నార్‌క్కాడ్ దాదాపు 40 కిలోమీటర్లు, అక్కడినుంచి ఘాట్ రోడ్డు మీద ముక్కాలి ఇంకో 20. ముక్కాలిలోనే ఫారెస్టు ఆఫీసు. మీ కారు అక్కడే ఆగుతుంది. అక్కడినుంచి సైరంధ్రికి 23 కిలోమీటర్ల అడవి దారి, జీపులో గంటకి పైనే పడుతుంది.

కీలకమంతా ముక్కాలికి ఏ టైముకి చేరతారన్న దాంట్లోనే ఉంది. రోజుకి ఇన్ని జీపులే అని లెక్క ఉంటుంది. ఉదయం ఎనిమిది ప్రాంతంలో మొదలై మధ్యాహ్నం అయ్యేసరికి లోపలికి పంపడం ఆపేస్తారు. టిక్కెట్ రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు. ముందుగా బుక్ చేసుకోండి. శని, ఆదివారాలు, ఓణం, క్రిస్మస్ సెలవులు మాత్రం వదిలేయండి. ఒక్క రోజు లీవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళితే అడవిలో మనుషుల గొడవ తగ్గుతుంది. మేనేజర్‌కి ఏం చెప్పాలో మీకు తెలిసే ఉంటుంది.

నేను ఉద్యోగరీత్యా కోయంబత్తూరులో ఉంటాను. జనవరిలో నాన్న వచ్చినప్పుడు ఈ ప్లాన్ వేశాను. పొద్దున ఐదింటికి బయల్దేరి, మన్నార్‌క్కాడ్‌లో పుట్టు, కడలకూర తిని, ఎనిమిది లోపే ముక్కాలిలో ఉన్నాం. ఆనకట్టి, అట్టప్పాడి మీదుగా ఇంకో దారి ఉంది. దూరం తక్కువే గానీ చీకట్లో ఆ దారిలో ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. వచ్చేటప్పుడు పగటిపూట ఆ దారిన రావచ్చు.

లోపలికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. నాన్న కోసం చేసిన పులిహోర స్టీలు క్యారియర్‌లో కారులోనే ఉంచాం, తిరిగొచ్చాక తిన్నాం. కేరళ ముతకబియ్యం అన్నం పడనివాళ్ళు ఈ ఏర్పాటు చేసుకుంటే మంచిది.

మా నాన్న లెక్క వేరు

నాన్నకి 63 ఏళ్ళు. ఉద్యోగమంతా దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలోనే చేశారు. నేను పెరిగింది మోతుగూడెం క్యాంపు క్వార్టర్లలో. చుట్టూ అడవి, మధ్యలో 460 మెగావాట్ల పవర్ హౌసు. మా ఇంట్లో డ్యామ్ అంటే అన్నం. ఆయన్ని ఇక్కడికి తీసుకొస్తే ఊరుకోరని నాకు ముందే తెలుసు. ఎందుకంటే సైలెంట్ వ్యాలీ దేశానికి తెలిసింది ఒక డ్యామ్ కట్టకపోవడం వల్ల.

సైరంధ్రి దగ్గర నది ఇరుకు లోయలో పడుతుంది. కరెంటు తీయడానికి ఇది భేషైన చోటని 1928లోనే గుర్తించారు. 1958లో సర్వే చేసి 120 మెగావాట్ల ప్రాజెక్టు అనుకున్నారు. 1973లో ప్రణాళికా సంఘం సరేనంది. కడితే 830 హెక్టార్ల దాకా అడవి మునుగుతుందని లెక్క. అప్పట్లో మలబారు ప్రాంతానికి కరెంటు కొరత నిజంగానే ఉండేది. ప్రాజెక్టు కావాలన్నవాళ్ళు దుర్మార్గులేం కాదు.

అటువైపు కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ రంగంలోకి దిగింది. వృక్షశాస్త్రం చెప్పే ఎం.కె. ప్రసాద్ ఊరూరా తిరిగి చెప్పారు. కవయిత్రి సుగతకుమారి పద్యం రాస్తే అది ఉద్యమానికి గొంతైంది. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ గొంతు కలిపారు. దాదాపు పదేళ్ళు ఈ గొడవ సాగింది. ఎం.జి.కె. మీనన్ కమిటీ నివేదిక తర్వాత 1983లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ప్రాజెక్టు పక్కన పెట్టించింది. 1984 నవంబర్ 15న నేషనల్ పార్కుగా ప్రకటించేనాటికి ఆవిడ లేరు. 1985 సెప్టెంబర్ 7న రాజీవ్‌గాంధీ వచ్చి ప్రారంభించారు. అప్పటి పార్కు విస్తీర్ణం 89.52 చదరపు కిలోమీటర్లు. తర్వాత నదికి దిగువన ఇంకో చిన్న ప్రాజెక్టు మాట లేచింది. 2007లో చుట్టూ 148 చదరపు కిలోమీటర్లు బఫర్ జోన్ చేయడంతో అదీ ఆగింది.

ఈ కథంతా ఘాట్ రోడ్డులో చెబితే నాన్న అన్నది ఒకటే మాట: “అంటే 120 మెగావాట్లు నీళ్ళపాలు చేశారన్నమాట!”

జీపులో మా గైడు అట్టప్పాడి గిరిజనుడు. ఇరుళ, ముదుగ, కురుంబ తెగల వాళ్ళు ఉండే ప్రాంతమది. గైడుకి తమిళం కూడా వచ్చు కాబట్టి నా కోయంబత్తూరు తమిళంతో నెట్టుకొచ్చాను. మీకు తమిళం రాకపోయినా ఫర్లేదు. చెప్పాల్సినవి చాలావరకు చేత్తో చూపించేవే.

పులిని చూడాలన్న ఆశ మాత్రం ముక్కాలిలోనే దించేసి రండి. పులులూ ఏనుగులూ ఉన్నాయి. అయితే ఇంత దట్టమైన అడవిలో పది అడుగుల దూరంలో ఉన్నా కనబడవు. చూడాల్సింది పైకి. ఈ అడవికి పెద్ద సింహపుతోక కోతి. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర కుచ్చు. ప్రపంచం మొత్తమ్మీద పడమటి కనుమల్లో తప్ప ఎక్కడా లేదు. అడవుల్లో మిగిలినవి నాలుగు వేల లోపే అని అంచనా. కిందికి దిగడం చాలా అరుదు. చెట్ల కొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే దానికి దారి. మధ్యలో రోడ్డో, నీళ్ళో వస్తే అక్కడితో దాని లోకం అయిపోయినట్టే. మలయాళంలో వెడిప్లావు అనే చెట్టుంది, కాయ నిండా ముళ్ళు. ఈ కోతి తిండిలో పెద్ద వాటా దాని పూలూ కాయలే. లోయ మునిగితే కోతి ఇంకో కొండకి పోతుందిలే అన్నవాళ్ళకి ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు చెప్పిన జవాబు ఇదే.

మాకు కనిపించింది మూడు, అదీ ఆకుల సందుల్లోంచి, నిమిషం లోపు. నీలగిరి కొండముచ్చులు, మలబారు ఉడుతలు మాత్రం బాగానే కనబడ్డాయి. మలబారు ఉడుతని మొదటిసారి చూస్తే పిల్లి అనుకుంటారు, అంత ఉంటుంది. బైనాక్యులర్స్ ఉంటే తప్పక తీసుకెళ్ళండి. ఫోన్ కెమెరాతో తీసిన ఫోటోల్లో నాకు వచ్చినవన్నీ ఆకులే.

సైలెంట్ వ్యాలీ అన్న పేరు ఎలా వచ్చిందో తలోమాట చెబుతారు. సైరంధ్రి అన్నది ఇంగ్లీషువాళ్ళ నోట అలా మారిందని ఒకటి, కీచురాళ్ళు లేకపోవడం వల్ల అని ఇంకొకటి. రెండోది నమ్మకండి. కీచురాళ్ళు నాకు శుభ్రంగా వినబడ్డాయి.

సైరంధ్రిలో దాదాపు 30 మీటర్ల ఎత్తున్న ఇనుప వాచ్ టవర్ ఉంది. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద కూర్చున్నా నష్టం లేదని నాన్నకి ముందే చెప్పాను. వినలేదు. ఒక్కో మలుపు దగ్గరా ఆగుతూ, కమ్మీ పట్టుకుని ఎక్కారు. పైనుంచి చూస్తే కనిపించినంత మేరా పచ్చదనమే. ఇల్లు లేదు, స్తంభం లేదు, తీగ లేదు. పార్కు లోపల మనుషుల నివాసాలే లేవు. దూరంగా నీలగిరి కొండల అంచు, కింద గీత గీసినట్టు కుంతిపుళ.

నాన్న చాలాసేపు ఆ ఇరుకు లోయ వైపే చూశారు. “ఆనకట్టకి ఇంతకంటే మంచి చోటు దొరకదురా” అన్నారు. ఆ లోయ వెడల్పు ఎంతుంటుందో, నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో చేత్తో చూపించారు. చూపిస్తూ చూపిస్తూ చెయ్యి ఆపేశారు. ఎందుకంటే ఆయన చూపిస్తున్న గీత కింద ఉన్నదంతా అప్పుడే మేం దాటొచ్చిన అడవిలాంటిదే. కాసేపాగి, డొంకరాయి రిజర్వాయరు నిండక ముందు అక్కడ అడవి ఎలా ఉండేదో తనకి తెలియదన్నారు. ఆయన ఉద్యోగంలో చేరేసరికే నీళ్ళున్నాయి. పోలవరం నీళ్ళు పాపికొండల దాకా వస్తే ఏం మునుగుతుందో చూసి చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు కదా అని నేనన్నాను. “ఆ కరెంటుతోనే నువ్వు చదువుకున్నావ్” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

టవర్ దగ్గర్నుంచి నదికి కిలోమీటరున్నర దాకా నడక. దారి తెరిచి ఉంటే, మోకాళ్ళు ఒప్పుకుంటే వెళ్ళి రండి. దిగడం తేలిక, ఎక్కడం కాదు. అది వాతావరణాన్ని బట్టి, గైడు మాటని బట్టి ఉంటుంది. ఆయన వద్దంటే వాదించకండి. నదిలో దిగుతాం, స్నానం చేస్తాం అని మాత్రం అడగొద్దు. పైన ఊళ్ళు లేవు, మురుగు కలవదు కాబట్టే ఆ నీళ్ళు అంత తేటగా ఉన్నాయి.

ఒంటిగంట దాటేసరికి ముక్కాలికి వచ్చేశాం. చిన్న హోటళ్ళు ఉన్నాయి, చేపల వేపుడు బాగుంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. జీపు దారి కుదుపులమయం, కడుపు నిండా టిఫిన్ పెట్టి ఎక్కించకండి. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఆఫీసు కాల్స్ ఉన్నవాళ్ళు ఆ రోజు పెట్టుకోకండి. వయసు మళ్ళినవాళ్ళకి రాను పోను జీపు ప్రయాణమే అసలు పరీక్ష. నడుం నొప్పి ఉంటే ముందు సీటు అడగండి, ఇస్తారు.

ఊరెళ్ళాక నాన్న ఈ ట్రిప్పు గురించి మోతుగూడెంలో కలిసి పనిచేసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పారట. టవర్ ఎక్కిన సంగతి కొంచెం పెంచి కూడా చెప్పారని అమ్మ అంటోంది. వచ్చే జనవరికి ఆవిడా వస్తానంది. ఆవిడ షరతు ఒక్కటే, జలగలు ఉండకూడదు.