దరఖాస్తు ఫారం ఎంతవరకు అడగవచ్చు?

ఉద్యోగానికి ఎంపికైన అమ్మాయిని 'మీకు నెలసరి సక్రమంగా వస్తుందా? ఆఖరిసారి ఏ తేదీన వచ్చింది? ఎన్నిసార్లు గర్భం దాల్చారు? గర్భస్రావాలేమైనా జరిగాయా?' అని ఎవరైనా అడుగుతారా? మన దేశంలోనే, సాక్షాత్తు ప్రభుత్వ రంగంలోని జీవిత బీమా సంస్థ ఎల్.ఐ.సి. అడిగింది. నోటితో కాదు, అచ్చువేసిన ఫారంలో!

1989లో ఢిల్లీలో ఒక యువతి రాతపరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గి ఆ సంస్థలో అసిస్టెంటు ఉద్యోగానికి ఎంపికైంది. సంస్థ డాక్టరు పరీక్షించి ఉద్యోగానికి తగిన ఆరోగ్యం ఉందని రాసిచ్చారు. చేరిన కొద్ది నెలలకే ఆమె ప్రసూతి సెలవుపై వెళ్లింది. ప్రొబేషన్ ముగియకముందే ఆమెను తొలగించారు. ఉత్తర్వులో కారణం ఏదీ చూపలేదు. నెలసరి గురించి ఫారంలో తప్పు తేదీ రాసిందన్న సంగతి కోర్టులో బయటపెట్టారు. ఢిల్లీ హైకోర్టులో ఆమెకు న్యాయం జరగలేదు. 1991లో సుప్రీంకోర్టు మాత్రం అసలు లోపం ఆ ఫారంలోని ప్రశ్నల్లోనే ఉందని తేల్చింది. స్త్రీల సిగ్గుకు, ఆత్మగౌరవానికి భంగం కలిగించే ఆ గడులను తొలగించమని సంస్థకు సూచించింది. ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించింది.

ఇది పాత కథ అని తీసిపారేయడానికి లేదు. 2022 జనవరిలో స్టేట్ బ్యాంకు కొత్త నిబంధనలు వెలుగుచూశాయి. వాటి ప్రకారం మూడు నెలలు దాటిన గర్భవతి ఉద్యోగానికి ఎంపికైనా అప్పటికి అనర్హురాలే. ప్రసవమయ్యాకే చేరాలి. నలువైపులా విమర్శలు రావడంతో బ్యాంకు ఆ నెలలోనే వెనక్కి తగ్గింది.

ఇక మన పిల్లల విషయంలో ఎవరూ అడగకుండానే బయటపడే వివరం పేరు. దాని ప్రభావం ఎంతో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. ప్రైవేటు సంస్థల ఉద్యోగ ప్రకటనలకు 66 వారాలపాటు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానమే, తేడా పేర్లలోనే. 2007లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఫలితాలు వచ్చాయి. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశం దళితుని పేరుకు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు మాత్రమే ఉంది. మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్నది ప్రభుత్వ ఉద్యోగాల గురించే. ప్రైవేటు యాజమాన్యాలకు అది వర్తించదు.

పేరు దాచుకోలేం, దాచుకోనవసరమూ లేదు. మరి మతం, కులం, తండ్రి వృత్తి, తోబుట్టువుల వివరాలు మనంతట మనమే బయోడేటాలో ఎందుకు నింపుతున్నాం? పెళ్లి సంబంధానికి పంపే కాగితాన్నే కంపెనీకీ పంపుతున్నట్టుంది! బి.సి.-ఇ రిజర్వేషన్ కోరే ప్రభుత్వ ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ ధ్రువపత్రం జతచేయక తప్పదు. మిగతాచోట్ల చదువు, అనుభవం, చిరునామా చాలు.

ఇంటర్వ్యూలో 'పెళ్లెప్పుడు చేసుకుంటావమ్మా?' అని అడిగితే మన ఆడపిల్లలు కంగారుపడి ఏదో ఒకటి చెప్పేస్తుంటారు. అబద్ధం చెప్పవద్దు, ఇంటి సంగతులన్నీ విప్పనూ వద్దు. చాలాసార్లు ఆ ప్రశ్న వెనక ఉండేది ఈ అమ్మాయి నాలుగు నెలలకే మానేస్తుందేమోనన్న అనుమానం. 'మీ పనివేళలు నాకు వీలవుతాయండీ, పని మధ్యలో వదిలి వెళ్లే ఉద్దేశం లేదు' అని ఆ అనుమానానికి మాత్రం, ఉన్నమాట జవాబుగా చెప్పవచ్చు.