భరిణె అందం, పొడుం సంగతి

ముక్కుపొడుం అనగానే మనలో చాలామందికి ఒక తాతగారో, తెలుగు మేష్టారో, కచేరీ గుమాస్తాగారో గుర్తుకు వస్తారు. వేళ్ళ మధ్య చిటికెడు పొడుం, గట్టిగా ఒక పీల్పు, రెండు తుమ్ములు, పైపంచె మీద మరకలు. మనం నవ్వుకున్న ఈ అలవాటే ఒకప్పుడు ఐరోపా రాజాస్థానాలలో పెద్దమనిషి లక్షణం.

1560 ప్రాంతంలో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాఁ నికో, పొగాకును తలనొప్పికి మందుగా తమ రాణిగారికి పంపాడంటారు. నికోటిన్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. 1702లో ఇంగ్లీషు నౌకాదళానికి స్పెయిన్ తీరంలోని వీగో దగ్గర బోలెడంత పొడుం కొల్లగా దొరికాక, ఈ దేశంలో కూడా అలవాటు బాగా పాకింది. ఇక్కడివారు వాడిన పొడుం రకాలలో 'మసూలిపటం' ఒకటి. అంటే మన బందరే!

పొడుంతో ఒక చిక్కుంది. గాలి తగిలితే ఎండిపోతుంది, తేమ తగిలితే గడ్డ కడుతుంది. అందుకని మూత బిగువుగా ఉండాలి. ఆ అవసరం నుంచి ఒక కళ పుట్టింది. బంగారం, వెండి, పింగాణి, తాబేటి చిప్ప, దేనితో కావాలంటే దానితో భరిణెలు చేశారు. స్కాట్లండులోని లారెన్స్‌కర్క్ వడ్రంగులు కీలు బయటికి కనబడకుండా, పొడుం రాలకుండా కర్ర పెట్టెలు చేశారు. చైనావారు భరిణెకు బదులు చిన్న సీసా వాడారు. బిరడాకే బుల్లి చెంచా అతికించి ఉంటుంది. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ రత్నాలు పొదిగిన పెట్టెలు కూడబెట్టాడు. వాటిలో కొన్నింటిని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవచ్చు. ప్రవేశం ఉచితం, పిల్లలతో వెళ్ళిరండి.

అయితే వైద్యుడిగా ఇంకొక మాట చెప్పాలి. 1761లో లండన్ వైద్యుడు జాన్ హిల్, విపరీతంగా పొడుం పీల్చేవారి ముక్కులో పుట్టిన పుండ్లను గురించి హెచ్చరిస్తూ ఒక చిన్న పుస్తకం వేశాడు. పొగాకుకూ క్యాన్సరుకూ ముడిపెట్టిన తొలి రాతలలో అది ఒకటి. ఎవరు విన్నారు? చేతిలో బంగారు భరిణె మెరుస్తుంటే లోపలిది విషమంటే ఎవరు నమ్ముతారు? పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఊరకే అనలేదు. పొగ లేని పొగాకు కూడా మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రచురించిన గ్రంథంలో తేల్చి చెప్పింది. నోటి క్యాన్సరు అందులో ముఖ్యమైనది. మన వైపు కొందరు పొడుంతో పళ్ళు తోముకుంటారు కనుక ఇది మనకు మరీ పట్టవలసిన విషయం.

ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకువెళతాం. "పొగ తాగుతారా?" అని ఆయన అడుగుతాడు. "లేదండీ" అంటారు పెద్దవాళ్ళు. అబద్ధమేమీ కాదు. పొడుం సంగతి ఆయన అడగడు, వీరు చెప్పరు. మాట తర్జుమా చేసే కొడుకూ కూతురూ సిగ్గుపడి ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. నోట్లో మానని పుండు గానీ, తెల్లమచ్చ గానీ, ఒకవైపే ముక్కు మూసుకుపోవడం, రక్తం కారడం గానీ ఉంటే వెంటనే చూపించండి. పొడుం మానమని కసురుకోవద్దు. నికోటిన్ ఒక్కసారిగా ఆపితే చిరాకు, తలనొప్పి, నిద్రలేమి సహజం. అందుకు చికిత్స ఉంది.

చివరిగా పిల్లల సంగతి. ఈ రోజుల్లో నికోటిన్ పొట్లాలు, పెదవికింద పెట్టుకునేవి, రంగురంగుల గుండ్రటి డబ్బాల్లో పుదీనా వాసనతో అమ్ముతున్నారు. అందులో పొగాకు ఆకు ఉండదు, పొగ రాదు, మరక పడదు. కానీ అలవాటు మాత్రం గట్టిగానే పడుతుంది. తాతగారి వెండి భరిణె ఇంట్లో ఉంటే భద్రంగా దాచుకోండి, ఏలకులు పోసుకోండి. మీ అబ్బాయి చొక్కాజేబులో కొత్త భరిణె కనబడితే మాత్రం మూత తీసి చూడండి.