అంకె అరిగితే అస్త్రం గురి తప్పుతుంది

ఫరీదాబాద్‌ పారిశ్రామికవాడలో రాడార్‌ విడిభాగాలను పరీక్షించే ఓ చిన్న సంస్థకు ఈమధ్య వెళ్లాను. వాళ్లు చూపించిన నివేదికలో వరసగా మూడు సంకేతాలకు ఒకే సమయం నమోదై ఉంది. ‘‘మూడూ వేర్వేరు క్షణాల్లో వచ్చినవే సార్‌. యంత్రం సరిగ్గానే రాసుకుంది, నివేదికగా మార్చేటప్పుడే తేడా వచ్చింది’’ అన్నాడు అక్కడి యువ ఇంజినీరు.

కంప్యూటర్లు సాధారణంగా 1970 జనవరి 1 నుంచి కాలాన్ని లెక్కిస్తాయి. నానోసెకన్లలో చూస్తే అది 19 అంకెల పూర్ణసంఖ్య. 64 బిట్లలో చక్కగా ఇముడుతుంది. నివేదికలు తయారుచేసే అనేక సాఫ్ట్‌వేర్లు మాత్రం దాన్ని దశాంశాలకు వాడే ‘ఫ్లోటింగ్‌ పాయింట్‌’ రూపంలోకి మార్చేస్తాయి. అదీ 64 బిట్లదే అయినా, కొన్ని బిట్లు ఘాతాంకానికి పోగా కచ్చితత్వం 53 బిట్లకే పరిమితం. 9,00,71,99,25,47,40,992 దాటిన ప్రతి పూర్ణసంఖ్యనూ అది విడిగా గుర్తుపెట్టుకోలేదు. 19 అంకెల సమయం దగ్గర ఒక మెట్టుకూ తరవాతి మెట్టుకూ మధ్య దూరం 256 నానోసెకన్లు. ఆలోపు రేడియో తరంగం దాదాపు 77 మీటర్లు ప్రయాణిస్తుంది! పైగా, ఎక్కడా ఎర్ర దీపం వెలగదు. నివేదిక చూడటానికి నిక్షేపంగా ఉంటుంది.

ఇలాంటి సంఖ్యామార్పిడి లోపానికి యుద్ధరంగంలో ప్రాణాలే పోయాయి. పేట్రియాట్‌ క్షిపణి వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతును పూర్ణసంఖ్యగా లెక్కించేది. దాన్ని సెకన్లలోకి మార్చడానికి 0.1తో గుణించాలి. ద్వియాంశ పద్ధతిలో 0.1కి అంతు ఉండదు. 24 బిట్ల దగ్గర తెగ్గోశారు. సౌదీలోని దహ్రాన్‌లో ఆ వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా పనిచేసేసరికి తేడా సెకనులో మూడో వంతుకు చేరింది. రాడార్‌ వెతికే చోటు 687 మీటర్లు పక్కకు జరిగింది. 1991 ఫిబ్రవరి 25న దూసుకొచ్చిన స్కడ్‌ను అది అడ్డుకోలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు మరణించారు. ఎక్కువసేపు నడిపితే గురి తప్పుతోందని ఇజ్రాయెల్‌ రెండు వారాల ముందే చెప్పింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ దహ్రాన్‌ చేరింది మర్నాడు!

స్వదేశీ ఆయుధాల తయారీలో చిన్న సంస్థల పాత్ర పెరుగుతోంది. వాటి నివేదికలే ఆమోదానికి ఆధారం. పెద్ద సంఖ్యలను పూర్ణసంఖ్యలుగానో అక్షరరూపంలోనో పంపాలని, మూల రికార్డును భద్రపరచాలని, రోజుల తరబడి నడిపి పరీక్షించాలని ఒప్పందాల్లోనే రాసుకోవాలి. ఫరీదాబాద్‌లో ఆ కుర్రాడు నివేదికను పక్కనపెట్టి, మూల రికార్డుతో ఒక్కో వరసా పోల్చుకుంటున్నాడు. రక్షణరంగానికి కావాల్సింది ఆ ఓపికే.