రాత్రివేళ కలుగు భయము



2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట దగ్గర పులపత్తూరు, మందపల్లి గ్రామములలో ఇండ్లు కొట్టుకొనిపోయినవి. నీళ్లు కొన్నాళ్లకు తీసిపోయినవి. కాని కొందరి నిద్రలో అవి ఇంకను పారుచునే ఉన్నవి.

వరద చూచిన ఒక సహోదరిని మేమెరుగుదుము. వాన పడిన రాత్రి "నీళ్లొచ్చినాయి, పిల్లోళ్లను లేపండి" అని కేక వేసి లేచేది. ఇంటివారు దయ్యమనిరి, తాయెత్తు కట్టుదమనిరి. మేమును తొందరపడి విశ్వాసము చాలదని చెప్పితిమి. ఆమె సిగ్గుపడి గుడికి వచ్చుట మానుకొన్నది. అది మా తప్పు. యోబు గ్రంథము 7వ అధ్యాయము చదువుడి. యథార్థవంతుడైన యోబును కూడ కలలు భయపెట్టినవి.

పీడకలలకు కారణములు అనేకము. ప్రమాదము, చావు, అప్పుల దిగులు, ఇంటిలో కొట్లాటలు, జ్వరము, నిద్ర చాలకపోవుట ఇందులో కొన్ని. రక్తపోటుకు వాడు కొన్ని మందుల వలనను, బాగుగా త్రాగువాడు సారాయి ఒక్కసారిగా మానినప్పుడును ఇవి రావచ్చును. అట్టివాడు డాక్టరు సహాయముతో మానుట క్షేమము. మందుల విషయములోను డాక్టరును అడుగవలెను గాని మనంతట మనము ఆపరాదు.

ఏమి చేయవలెను? రోజూ ఒకే వేళకు పండుకొనుడి. పొద్దుపోయిన తరువాత కడుపునిండ తినకుడి, టీవీలో, ఫోనులో భయంకరమైనవి చూడకుడి. పిల్లలు ఉలిక్కిపడి లేచిన యెడల గద్దింపక దగ్గరకు తీసికొనుడి. మాటిమాటికి వచ్చు కలను పగటివేళ తలంచి, దాని ముగింపును మార్చి, ఆ క్రొత్త కలను ప్రతిదినము కొన్ని నిమిషములు మనస్సులో చూచుకొనుడి. వైద్యులు నేర్పు పద్ధతి ఇది. వారాల తరబడి తగ్గనిచో ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని కలియుడి. 14416 నంబరుకు ఫోను చేసినను ఉచితముగా సలహా చెప్పుదురు. ప్రార్థన మానవద్దు, ప్రార్థించి వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు.

మేము ఆ సహోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి, ఆసుపత్రికి తోడు వెళ్లితిమి. ఆమె తన కలలో పిల్లలను మిద్దె మీదికి ఎక్కించుకొనుట నేర్చుకొన్నది. కొన్ని నెలల తరువాత ఒక ఆదివారము గుడి వాకిట నిలిచి, "అయ్యగారూ, రాత్రి వాన పడిందంట. నాకు తెలీనే లేదు" అని నవ్వినది.

ప్రభువు మీకును అట్టి నిద్ర దయచేయునుగాక.