గ్రావెల్ దారుల్లో... బెజవాడ సైకిల్!

తెల్లవారుజామున అయిదింటికి వన్‌టౌన్‌లో సైకిల్ కనిపించడం వింతేం కాదు. పాల క్యాన్లు తగిలించుకున్నవీ, పేపర్ల కట్టలు మోసేవీ, వినాయకుడి గుడి ముందు ఓ క్షణం ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్లేవీ... ఎప్పట్నుంచో ఉన్నవే. వాటి మధ్య ఇప్పుడో కొత్తరకం సైకిల్ కనిపిస్తోంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం లావు. అది వెళ్లేది బీసెంట్ రోడ్డుకో బందరు రోడ్డుకో కాదు... కొండల్లోకి, కాలవ కట్టల మీదికి!

దాని పేరు గ్రావెల్ బైక్. ఆ పేరు వింటే బెజవాడవాళ్లకు నవ్వొస్తుంది. ఎందుకంటే మనకి గ్రావెల్ అంటే లారీల్లో వచ్చి దిగే ఎర్రమట్టి. ఇంటిస్థలం మెరక చెయ్యాలన్నా, పొలానికి దారి వెయ్యాలన్నా అదే కావాలి. అమెరికావాళ్ల గ్రావెల్ కూడా దాదాపు అలాంటిదే. తారు వెయ్యని పల్లెదారి. కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో అలాంటి దారుల మీద రెండొందల మైళ్ల పందెం మొదలైంది. అది పెరిగి పెద్దదై, 2022 నాటికి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇటలీలో గ్రావెల్ ప్రపంచ పోటీలే పెట్టింది.

ఈ సైకిల్ కిటుకంతా టైరులో ఉంది. రోడ్డు మీద పరుగెత్తే పందేల సైకిల్ టైరు పాతిక, ముప్పై మిల్లీమీటర్లు ఉంటే, దీనిది 35 నుంచి 50 దాకా ఉంటుంది. గాలి తక్కువ పెడతారు. రాయి తగిలితే టైరే కాస్త నొక్కుకుని అదురు మింగేస్తుంది. అరలక్షకు అటూఇటూ మొదలై ధర లక్షల్లోకి పోతుంది. అంత పెట్టలేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు. మన పాలవాళ్ల పాత నల్లసైకిల్ ఉంది చూశారూ, దాని 28 అంగుళాల టైరు వెడల్పు కూడా సుమారు 40 మిల్లీమీటర్లే! తారు రోడ్లు లేని రోజుల్లో పుట్టిన బండి మరి. గేర్లు లేవన్న మాటే గానీ తాతల నాటి నుంచీ మనవాళ్లు తొక్కుతున్నది గ్రావెల్ బైకే.

తెల్లపొణికి చెట్ల కొండలు

బెజవాడ సైకిల్‌వాళ్లకు ఓ అదృష్టం ఉంది. ఊరు దాటితే చాలు, ఒకవైపు కొండలు, ఒకవైపు నది. కెనాల్ రోడ్డు నుంచి బయల్దేరి, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ కింద నుంచి కుమ్మరిపాలెం, భవానీపురం దాటితే ఎడమచేతివైపు కృష్ణమ్మ. బ్యారేజీ నిలబెట్టిన నీళ్లు అక్కడ చెరువులా కదలకుండా ఉంటాయి. ప్రకాశం బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీల పైచిలుకే. అయినా డెల్టా మొత్తానికి తాళంచెవి అదే. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, ఇప్పటి బ్యారేజీని 1957కల్లా కట్టారు. ఆ పాత ఆనకట్ట పని దగ్గరుండి చేయించిన ఇంజినీరు కెప్టెన్ ఓర్. ఆయన పేరుమీదే వన్‌టౌన్‌లోని ఇప్పటి గాంధీకొండను ఒకప్పుడు ఓర్ హిల్ అనేవారు.

గొల్లపూడి దాకా హైదరాబాద్ హైవే తప్పదు. చెప్పొద్దూ, ఈ దారిలో భయపడాల్సిన ముక్క అదే. ఇబ్రహీంపట్నం చేరాక కొండపల్లి వైపు తిరిగితే ఊపిరాడుతుంది. ఖిల్లాకి ఘాట్ రోడ్డు ఉంది. 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కోట. ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే తొడలు మాట వినవు. చుట్టూ ఉన్నది రిజర్వు ఫారెస్టు. కొండపల్లి బొమ్మ అంత తేలిగ్గా ఉండటానికి కారణమైన తెల్లపొణికి చెట్టు ఈ అడవిదే. ఇప్పుడా చెట్టు వెతుక్కోవాల్సిన పరిస్థితి. ఇంకాస్త ముందుకెళితే మూలపాడు. సీతాకోకచిలుకల పార్కు అక్కడే. అడవిలోపలి దారులు తొక్కాలంటే మాత్రం అటవీశాఖ వాళ్లనడిగి వెళ్లాలి.

ఈ కొండల చుట్టూ తిరుగుతుంటే ఒకటి కళ్లబడకుండా ఉండదు. కొన్నిచోట్ల గుట్ట సగం నిలబడి ఉంటుంది, సగం ఉండదు. కోసిన కేకులా ఎర్రగా నిట్టనిలువు గోడ. ఆ మిగతా సగం ఎవరో ఇంటి పునాదుల కిందో, ఏ వెంచర్ రోడ్డు మీదో పరుచుకుని ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు మన వీధిలో కొత్తగా పోసిన ఎర్రమట్టి కుప్ప చూస్తే, పొద్దున తొక్కిన కొండ గుర్తుకొస్తుంది.

కట్టే కదా అనుకుంటే...

అసలు కాలవ కట్టల మీద దారులు సైకిళ్ల కోసం పుట్టలేదు. కాటన్ కాలంలో తవ్విన కాలవలు సాగుకే కాదు, పడవలకు కూడా. గాలి అనుకూలంగా లేనప్పుడు మనుషులు కట్ట మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు. బందరు, ఏలూరు, రైవస్ కాలవలు మూడూ బెజవాడ నడిబొడ్డు నుంచే పోతాయి. ఊళ్లో ఆ కట్టలకు ఇళ్లూ కొట్లూ అడ్డం. ఊరు దాటితే మాత్రం వరిచేల మధ్య చదునైన దారి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

కానీ మనసులో నిలిచిపోయే కట్ట వేరే ఉంది. అది బుడమేరుది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు ఇది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను డైవర్షన్ కాలవ ద్వారా కృష్ణలోకి మళ్లించారు. వెలగలేరు నుంచి ఇబ్రహీంపట్నం దాకా పదీ పన్నెండు కిలోమీటర్లు. పట్టిసీమ నుంచి 2015లో గోదావరి నీళ్లు కృష్ణకు చేరిందీ ఈ కాలవ గుండానే. అందుకే ఆ కలిసే చోటికి పవిత్ర సంగమం అని పేరొచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో ఈ కాలవ ఎడమ కట్టకు కవులూరు, శాంతినగర్ దగ్గర గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, మా పక్కనే ఉన్న రాజరాజేశ్వరీపేట నీళ్లలో రోజుల తరబడి నానిపోయాయి. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పొంగుతోంది. ఆఖరికి సైన్యం కూడా వచ్చి చెయ్యేస్తే, సెప్టెంబరు 7కి గండ్లు పూడాయి.

ఈ కట్ట మీద సైకిల్ తొక్కితే పేపర్లో చదివింది అర్థమవుతుంది. కుడివైపు కాలవ, ఎడమవైపు పల్లం. ఆ పల్లం ఎటు వాలిందో కాళ్లకే తెలుస్తుంది. కట్ట దిగి ఊరివైపు తిరిగితే పెడల్ మీద బరువు వెయ్యనక్కర్లేదు, బండి దానంతటదే పోతుంది. నీళ్లూ అలాగే పోయాయి. కారులో హైవే మీద వెళ్లేవాళ్లకు ఆ వాలు కనబడదు.

మట్టిని బట్టి ప్రయాణం

బ్యారేజీ దాటి అవతలి ఒడ్డుకు వెళితే లోకం వేరు. ఉండవల్లి గుహలు, అక్కణ్నుంచి కరకట్ట వెంబడి వెంకటపాలెం, ఉద్దండరాయునిపాలెం, రాయపూడి మీదుగా వైకుంఠపురం, అమరావతి. నది పక్కనే దారి. రాజధాని పనుల లారీలతో పోటీ పడలేం కాబట్టి తెల్లారకముందే వెళ్లి ఎండెక్కకముందే వెనక్కి రావడం మేలు.

ఇక్కడో హెచ్చరిక. కొండపల్లి వైపు ఎర్రమట్టి వాన పడ్డ మర్నాటికి గట్టిపడుతుంది. అవతలి ఒడ్డున పొలాలది నల్లరేగడి. వానలో దిగారా, అంతే! మట్టి టైరుకు అప్పంలా అంటుకుని, ఫ్రేముకు పట్టేసి, చక్రం తిరగనంటుంది. అప్పుడు బండి మిమ్మల్ని మొయ్యదు, మీరే బండిని మోయాలి. ఎండు పుల్లతో గీకడం తప్ప మార్గం లేదు. ఏ సైకిల్ షాపువాడూ చెప్పని సంగతిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ మట్టైనా పర్వాలేదు. రోహిణీ కార్తెలో మాత్రం వద్దు. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు.

కాళ్లు గట్టిపడ్డాక పెద్ద దారి ఒకటుంది. నందిగామ, చిల్లకల్లు మీదుగా వేదాద్రి. డెబ్బై ఎనభై కిలోమీటర్లు. నరసింహస్వామి గుడి మెట్లు దిగితే కృష్ణ. ఇంకా ఎగువకు పోతే పులిచింతల. కంకిపాడులో పుట్టిన ఇంజినీరు కె.ఎల్.రావు పేరు పెట్టుకున్న 45.77 టీఎంసీల జలాశయం. 2021 ఆగస్టులో దాని 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ నీళ్లన్నీ మన బ్యారేజీకే వచ్చాయి. అక్కడిదాకా వెళ్లేవాళ్లు ఒక్కరోజులో తిరిగి రావాలని పంతం పట్టొద్దు. రాత్రికి జగ్గయ్యపేటలో ఆగి, పొద్దున్నే ముక్త్యాల మీదుగా నది చూసుకుంటూ బయల్దేరండి. పంక్చరు సామాను, రెండు ట్యూబులు, మూడు లీటర్ల నీళ్లు మర్చిపోకుండా పెట్టుకోండి.